గునపానికి ఏడు కన్నాలు

నాగదుర్గ రోజూ పొద్దున్న ఆరింటికి బంగారయ్య గారి పేరు తుడుస్తుంది. ఆ పేరు ప్రభుత్వాసుపత్రి వరండాలో ఆరు సిమెంటు బల్లల మీద, మంచినీళ్ళ ట్యాంకు మీద, ఓపీ గదిలో గోడ గడియారం మీద ఎర్ర రంగుతో రాసి ఉంటుంది. గడియారం ఆగిపోయి రెండేళ్ళయింది. పేరుకి మాత్రం ఏటా కొత్త రంగు పడుతుంది.

కొత్తపేట దాటి గోదావరి గట్టు పట్టుకుని వెళితే తగిలే ఊళ్ళలో ఒకదానికి బంగారయ్య గారు పెద్ద. కొబ్బరితోట ఉంది, గోదావరి మధ్య లంకలో కంద సాగు ఉంది, ఆసుపత్రి అభివృద్ధి కమిటీలో సభ్యత్వం ఉంది. కమిటీ మూడు నెలలకోసారి కూర్చుని టీ తాగుతుంది. ఆ కప్పులు కడిగేది కూడా నాగదుర్గే.

ఆమెకి నలభై రెండేళ్ళు. కాంట్రాక్టు మీద పనిచేసే పారిశుద్ధ్య కార్మికురాలు. అంతకుముందు తొమ్మిదేళ్ళు సౌదీలో ఉంది. గల్ఫ్ ముఖం చూడని గడప కోనసీమలో వెతికితే గాని దొరకదు గనక అదేమీ వింత కాదు. ఇంట్లో వంటపని అని చెప్పి ఏజెంటు విమానం ఎక్కించాడు. దిగి చూస్తే యెమెన్ సరిహద్దు దగ్గర ఒక ఆసుపత్రి, అందులో క్యాజువాలిటీ, చేతిలో నేల తుడిచే కర్ర. సరిహద్దు అవతల యుద్ధం జరుగుతోంది. కాళ్ళకీ చేతులకీ గుళ్ళు తగిలిన పిల్లల్ని వ్యానుల్లో వేసుకుని తెచ్చేవారు. ఒకరోజు నర్సులకి చేతులు చాలక, ఒక మలయాళీ నర్సమ్మ నాగదుర్గ చేతిలో కర్ర లాగి అవతల పారేసి, ఆ చేతిని తీసుకెళ్ళి ఒక పిల్లాడి తొడ మీద గుడ్డ వేసి పెట్టింది.

"నొక్కు. నేను చెప్పేదాకా తియ్యకు. ఆగిందో లేదో అని ఎత్తి చూడకు" అంది.

ఆ తరువాత అక్కడ ఉన్నన్నాళ్ళూ నేల తుడుస్తూనే, పిలిచినప్పుడల్లా వెళ్ళి నొక్కింది. నొక్కుతూ చూసింది. గాయం మీద బట్టని విప్పరు, కత్తిరిస్తారు. ఒక కన్నం కనబడితే అక్కడితో ఆగరు, పిల్లని వెనక్కి తిప్పి మొత్తం వెతుకుతారు. లోపలున్న గుండు కోసం వేలూ పెట్టరు, పట్టకారూ పెట్టరు. పాదం మీద నాడి దొరికిన చోట పెన్నుతో అడ్డగీత, నిలువు గీత కలిపి గుర్తు పెట్టి, పక్కన టైము రాస్తారు. రెండో గంటకి అదే చోట మళ్ళీ చూస్తారు. నాడి సన్నబడితే కాలుకి నెత్తురు అందడం లేదని అర్థం. అప్పుడిక పరుగే.

ఊరికి తిరిగొచ్చాక ఇందులో ఒక్క ముక్క ఎవరూ అడగలేదు. దుప్పట్లు తెచ్చావా, తలనొప్పి తైలం తెచ్చావా అని అడిగారు. ఆసుపత్రిలో పనికి వెళితే కాంట్రాక్టరు అనుభవం ఉందా అన్నాడు.

"తొమ్మిదేళ్ళు క్యాజువాలిటీలో చేసేనండి."

"ఆ క్యాజువాలిటీ గోల మనకెందుకమ్మా. బాత్రూములు కడిగేవా?"

"ఆయ్."

అలా చేరింది.

బంగారయ్య గారింట్లో శుభకార్యం వస్తే ఆసుపత్రి ఊడ్చేవాళ్ళకి కబురొస్తుంది. పిలుపు కాదు, కబురు. కమిటీ సభ్యుడింట్లో విస్తళ్ళు ఎత్తడం ఉద్యోగంలో భాగమని ఏ కాగితంలోనూ లేదు. లేనివే ఎక్కువ గట్టిగా నడుస్తాయి. ఈ ఏడాది మార్చిలో ఆయన మనవడు సూర్యతేజకి పంచెల ఫంక్షన్ వచ్చింది.

పన్నెండేళ్ళ కుర్రాడికి మొదటిసారి పట్టుపంచె కట్టించే వేడుక అది. పంచె కట్టడానికి అయిదు నిమిషాలు చాలు. మిగతా మూడు రోజులూ చూసినవాళ్ళు మర్చిపోకుండా ఉండటానికి. తోటలో పందిరి, పెద్ద తెర, గాల్లో తిరిగే డ్రోను, స్టేజి మీద బంగారు రంగు సింహాసనం సోఫా. వచ్చిన పెద్దలకి కప్పడానికి నలభై శాలువాలు తెప్పించారు. కుర్రాడి తండ్రి నాగసతీష్ దోహాలో ఉన్నాడు, సెలవు దొరకలేదు. ఆయన కోసం ఒక ఫోన్లో వీడియో కాల్ కలిపి, ఆ ఫోన్ పట్టుకోవడానికి ఒక మనిషిని పెట్టారు.

పట్నం నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు పంచెలో కుర్రాణ్ణి నాలుగు వైపుల నుంచీ తీసి పెదవి విరిచాడు.

"ఏదో తక్కువైందండి. రాజసం రావట్లేదు."

రాజసం అనగానే బంగారయ్య గారికి గోడ మీద తుపాకీ గుర్తొచ్చింది. ఆయన తండ్రి నాటి రెండు గొట్టాల తుపాకీ. లైసెన్సు ఉంది. ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని పోలీసు స్టేషన్లో అప్పగించి, అయిపోయాక మేళతాళాలు ఒక్కటే తక్కువగా ఇంటికి తెచ్చుకుంటారు. దసరాకి బొట్టు పెడతారు. అది పేలి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు. అంతకుముందు నెల్లో లంకలో కంద పాదుల్ని అడవి పందులు తవ్వేస్తున్నాయని ఆయన అందులో ఒక తూటా పెట్టి, రెండు రాత్రులు కాపలా కూర్చుని, పందులు రాకపోతే తిరిగొచ్చి గోడకి తగిలించారు. పందులు రాలేదన్న సంగతి ఊరందరికీ చెప్పారు. తూటా తియ్యలేదన్న సంగతి ఆయనకే గుర్తు లేదు.

పదకొండు గంటలు దాటింది. కుర్రాడు తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు. పక్కనే చెల్లెలు జ్యోతిర్మయి, తొమ్మిదేళ్ళ పిల్ల, పట్టులంగాలో పూలపళ్ళెం పట్టుకుని నిలబడింది.

"బాబూ, కొంచెం స్టయిలుగా. గొట్టం కిందకి దించు. వేలు అక్కడ పెట్టు. ఆఁ, అంతే."

పేలింది. గుళ్ళు పందిరి కింద సిమెంటు నేలకి కొట్టుకుని చెదిరి లేచాయి. పూలపళ్ళెం ఎగిరిపడింది. పిల్ల కూర్చుండిపోయింది. ఎడం పిక్క దగ్గర లంగా తడిసి, ఆ తడి అంచు దాకా పాకింది. కుర్రాడు తుపాకీ వదిలేసి ఏడుపు అందుకున్నాడు. డ్రోను మాత్రం పైన తిరుగుతూనే ఉంది.

కోనసీమలో కాలికి ఏం తగిలినా జనానికి ముందు గుర్తొచ్చేది పాము. పాము కరిస్తే పైన కట్టు కట్టాలి. ఇది ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు. బంగారయ్య గారు భుజం మీది జరీ కండువా తీసి పిల్ల మోకాలి కింద కట్టారు.

"కంగారు పడకండి. పాము కరిచినోళ్ళకి ఎంతమందికి కట్టలేదు నేను? ఇరవై మంది బతికేరు."

నిజమే, బతికారు. ఆ ఇరవై మందిలో ఎక్కువమందిని కరిచినవి వరిచేలల్లో తిరిగే నీరుకట్టు పాములు. వాటికి విషం ఉండదు.

నెత్తురు ఆగలేదు. ఆయన బావమరిది చిన్నబ్బాయి గారు ముందుకొచ్చారు. బావగారు కట్టిన ముడిని విప్పి గట్టిగా కట్టడం బాగోదు. అందుకని దానికి జానెడు పైన తన కండువాతో ఇంకో ముడి వేశారు. వియ్యంకుడు గారు చూస్తూ కూర్చుంటే ఆయనకి మర్యాద తక్కువవుతుందని ఎవరో ఆయన్నీ లేపారు. ఆయన తొడ మీద మూడోది కట్టారు. మూడూ పట్టు కండువాలు. పట్టు ముడి జారుతుంది. పైగా ఎవరి ముడీ పక్కవారి ముడి కంటే గట్టిగా ఉండకూడదు గదా.

కాలవకి పైన లాకులు తెరిచి కింద లాకులు మూస్తే గట్టుకి గండి పడుతుంది. పిల్ల కాలిలో జరిగింది అదే. వదులు ముడి దిగే నెత్తురుని ఆపలేదు, తిరిగి ఎక్కే నెత్తురుని ఆపింది. పాదం కమిలిన వంకాయలా అయింది. పిక్క మీంచి నెత్తురు ఇంకా జోరుగా కారింది.

"ఇంకోటి కడదామా?" అన్నారెవరో.

నాగదుర్గ అప్పటికి టిఫిను విస్తళ్ళు ఎత్తుతోంది. బుట్ట దింపి, చేతులు కడుక్కుని, జనం మధ్యలోంచి దూరి వచ్చింది. శాలువాల కట్టలోంచి ఒకటి లాగి మడతపెట్టి పిక్క మీద వేసి, రెండు చేతులూ దాని మీద పెట్టి, ఒంటి బరువంతా మోపింది.

"ఏయ్, అది పెద్దలకి కప్పే శాలువా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

నాగదుర్గ తల తిప్పలేదు. "ఉమామహేశ్వరమ్మా" అంది పిల్ల తల్లితో, "పాప తల నీ ఒళ్ళో పెట్టుకో. ఒన్నాటెయిట్‌కి నువ్వే చెయ్యి ఫోను. ఎవరూ చేసుండరు."

ఎవరూ చెయ్యలేదు. అందరూ ఎవరో చేశారనుకున్నారు.

"అయ్యగారండీ, ఈ ముడులు తియ్యాలండి."

"నేను కట్టిన ముడి" అన్నారు బంగారయ్య గారు.

"ఆయ్. తమరు కట్టిందేనండి. దాంతోనే కారతందండి."

"ఆసుపత్రిలో చీపురు పట్టుకున్నంత మాత్రాన డాక్టరైపోవు దుర్గా."

"అవ్వనండి."

ఉమామహేశ్వరి మామగారి ముఖం వంక చూసింది. చిన్నబ్బాయి గారు బావగారి వంక చూశారు. వియ్యంకుడు గారు పందిరి వంక చూశారు. పెద్దాయన ముడి మీద చెయ్యి వెయ్యడానికి ఆ రెండు వందల మందిలో ఒక్కరికీ చెయ్యి రాలేదు. ఫోన్లోంచి నాగసతీష్ గొంతు వినిపిస్తోంది. "పాపకి ఏవైందిరా? ఫోను ఇటు తిప్పండ్రా, నాకు ఫ్యాను కనబడతంది!"

పందిరికి పూలు కట్టే మనిషి చేతిలో కత్తెర ఉంది. నాగదుర్గ ఒక చెయ్యి గాయం మీదే ఉంచి, రెండో చెయ్యి చాపింది. కత్తెర ఆ చేతిలోకి వచ్చింది. ముడి విప్పాలంటే పెద్దరికం అడ్డొస్తుంది. కోస్తే అంత ఆలోచించే వ్యవధి ఉండదు. మూడు కండువాలూ మూడు కత్తిరింపుల్లో పోయాయి. పిల్ల లంగా కూడా అంచు నుంచి నడుము దాకా కోసింది.

"అయ్యో, కంచి లంగా!" అని ఒక అత్తగారు గుండె మీద చెయ్యేసుకున్నారు.

"మొగోళ్ళు అటు తిరగండి" అంది నాగదుర్గ. కోనసీమ పెద్దలు జీవితంలో మొదటిసారి విస్తళ్ళు ఎత్తే మనిషి చెప్పగానే ఒక్కసారిగా అటు తిరిగారు.

పిక్కలో ఏడు కన్నాలు. కందిగింజంత ఒక్కోటి. అందులో ఒకదాన్నుంచే జోరు. పిల్లని ఒక పక్కకి తిప్పితే, జబ్బ వెనక జాకెట్టు చేతి కింద ఎనిమిదోది కనబడింది. దాన్ని అప్పటిదాకా ఎవరూ చూడలేదు. పిల్ల కూడా చెప్పలేదు.

"అత్తా, నా కాలు తీసేత్తారా?" అని అడిగింది జ్యోతిర్మయి.

"నేనెందుకు తీత్తాను? నాకేం పనికొత్తాది నీ కాలు? వేళ్ళు ఆడించు. ఆఁ. బొటనవేలు. ఇంకోసారి."

ఆడించింది. పాదానికి రంగు తిరిగొచ్చింది. చేతుల కింద శాలువా తడవడం తగ్గింది.

ఊళ్ళో వైద్యం చేసే రామ్మూర్తి గారు అప్పుడు వచ్చారు. ఆయనకి డిగ్రీ లేదు, స్టెతస్కోపు ఉంది. అది మెడలో ఉండగా డిగ్రీ సంగతి ఇంతవరకు ఎవరూ అడగలేదు. జేబులోంచి పట్టకారు తీసి, వంటవాళ్ళ పొయ్యి మీద కాల్చుకు రమ్మన్నారు.

"గుండు లోపలుంటే విషం ఎక్కుద్దండి బంగారయ్య గారూ. రెండు నిమిషాల్లో తీసి చేతిలో పెడతాను. పసుపూ సున్నం కలిపించండి."

"రామ్మూర్తి గారండీ" అంది నాగదుర్గ, "పట్టకారు జేబులో పెట్టుకోండి. నా చెయ్యి తీస్తే గాని మీ పట్టకారు దూరదు. నేను తియ్యను."

"ఎంత పొగరండీ దీనికి!"

"ఆయ్."

ఎవరో కొబ్బరిబొండాం కొట్టించి తెచ్చారు. కోనసీమలో జ్వరానికీ బొండామే, దుఃఖానికీ బొండామే. నాగదుర్గ వద్దంది. "చుక్క కూడా పొయ్యకండి. మత్తిచ్చి కొయ్యాల్సొస్తే కక్కుకుని ఊపిరాడదు." కొయ్యడం అనే మాట వినగానే బొండాం తెచ్చిన ఆయన అది తనే తాగేసి కూర్చున్నాడు.

పాదం మీద నాడి వెతికింది. బొటనవేలికి సూటిగా, కాస్త పైన దొరికింది. పెన్ను ఎవరి దగ్గరా లేదు. పిల్లలకి అలంకారం చేసిన అమ్మాయి దగ్గర నీళ్ళకి పోని కాటుక పెన్సిలు ఉంది. దాంతో పాదం మీద గుర్తు పెట్టి, పక్కన పదకొండున్నర అని అంకెలు వేయించింది. పందిరి పక్కన పడి ఉన్న కొబ్బరి మట్టని నిలువునా చీల్పించి, మరో రెండు శాలువాలు చుట్టి, కాలు కదలకుండా రెండు వైపులా పెట్టి కట్టించింది. ఇంకో నాలుగు పిల్ల ఒంటి మీద కప్పింది. అప్పటికి పెద్దల వాటాలో ఏడు శాలువాలు తగ్గాయి.

అంబులెన్సు వచ్చింది గాని తోటలోకి రాలేదు. గట్టు దారి మొదట్లో ముఖ్య అతిథి గారి కారు అడ్డంగా ఉంది. ముఖ్య అతిథి గారు భోజనంలో ఉన్నారు. ఆయన్ని కారు తియ్యమని అడగాల్సింది ఎవరు అన్నదాని మీద నలుగురు పెద్దలు మాట్లాడుకుంటున్నారు. ఈలోపు నాగదుర్గ స్టేజి మీద సింహాసనం సోఫా దింపించింది. పిల్లని దాని మీద పడుకోబెట్టి వంటవాళ్ళు నలుగురు మోశారు. ఊరేగింపు ఆ విధంగా జరిగింది. సన్నాయి వాయించేవాళ్ళు ముందు అలవాటు కొద్దీ లేచి నిలబడి, తరువాత కూర్చున్నారు.

అంబులెన్సు కుర్రాడు గట్టి పట్టీ చుట్టి, పిల్ల చేతికి సెలైన్ పెట్టాడు. అవి గుళ్ళ కన్నాలని చూడగానే తెలుసుకున్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ చిన్నబ్బాయి గారు, "కాయలు ఒలిచే గునపం మీద పడిందండి" అన్నారు. కుర్రాడు నాగదుర్గ వంక ఒకసారి చూసి తల ఊపాడు. అతనిదీ కాంట్రాక్టు ఉద్యోగమే.

తల్లితో పాటు నాగదుర్గ కూడా అంబులెన్సు ఎక్కింది. ఆసుపత్రికి తొమ్మిది కిలోమీటర్లు. అంబులెన్సు చేరేసరికి మూడు కార్లు ముందే చేరాయి. బంగారయ్య గారు తన పేరున్న బల్ల మీద కూర్చుని ఉన్నారు. తుపాకీ అంటే పోలీసులు వస్తారు, లైసెన్సు పోతుంది, కుర్రాడి పేరు కాగితాల మీద పడుతుంది, పేపర్లో వస్తుంది. గునపమంటే ఏదీ రాదు. కోనసీమలో కొబ్బరికాయలు ఒలిచే గునపం ప్రతి తోటలో నేలకి దిగేసి ఉంటుంది, దాని మీద ఎవరో ఒకరు పడుతూనే ఉంటారు. కేసు షీటు మీద గునపం అని అప్పటికే రాసి ఉంది.

డ్యూటీలో ఉన్నది డాక్టరు వాణి గారు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. కమిటీ అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఆ ఏడాది సరిపోయింది. పట్టీ ఇంకా విప్పలేదు.

"మా రామ్మూర్తి గారు చూసేరండి మేడమ్" అన్నారు బంగారయ్య గారు చాలా వినయంగా. "చిన్న గాయమేనంట. తమరు కడిగి, రెండు కుట్లేసి, ఇంజెక్షనిస్తే సాయంత్రానికి తీసుకెళ్ళిపోతాం. చుట్టాలు భోజనాల దగ్గరున్నారు. తమరు కూడా దయచెయ్యాలి."

"పైపైనేనండి మేడమ్. నేను గ్యారంటీ" అన్నారు రామ్మూర్తి గారు.

నాగదుర్గ గుమ్మం దగ్గర నిలబడింది. ఆ గది గుమ్మం దాటితే ఆమె మనిషి కాదు, చీపురు. చేతులు మోచేతుల దాకా ఎండిన నెత్తురు. హెడ్ నర్సు, "యూనిఫాం ఏదమ్మా? ఇదేం అవతారం?" అని అప్పుడే కేకలేసి వెళ్ళింది. లోపల ట్రేలో కుట్లు వేసే సూది, దారం సిద్ధమవుతున్నాయి. కన్నాలు మూసి కుట్టేస్తే పైకి శుభ్రంగా ఉంటుంది. లోపల నెత్తురు నరం తెగి ఉంటే రేపు పొద్దుటికి ఆ కాలు కాలు కాదు. నాగదుర్గ అలాంటివి చూసింది. వాటిని బకెట్లో మోసింది కూడా.

ఆమె మాట్లాడితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. కాంట్రాక్టరు కమిటీ మాట జవదాటడు.

"మేడమ్" అంది. "గునపానికి ఏడు కన్నాలుంటాయాండీ?"

వాణి గారు తలెత్తి గుమ్మం వంక చూశారు.

"ఏమిటీ?" అన్నారు డాక్టరు.

"కాల్లో ఏడండి. జబ్బ ఎనకాల ఒకటి. గునపం మీద ఒకసారి పడితే ఒకటే కదండీ పడాల. ఈ పాప ఎనిమిది సార్లు లేచి పడిందాండీ?"

"దుర్గా" అన్నారు బంగారయ్య గారు, గొంతు పెంచకుండా, "నువ్వు బయటికెళ్ళి వరండా తుడువమ్మా. అందరూ తొక్కేసేరు."

"ఆయ్, తుడుస్తానండి. మేడమ్, ఒక్కసారి పాదం మీద గుర్తు చూడండి. పదకొండున్నరకి అక్కడ నాడి బాగా కొట్టుకుందండి. వ్యానులో సన్నబడిపోయింది. పిక్క కూడా రాయిలా అవతంది."

వాణి గారు సూది పక్కన పెట్టారు. పాదం మీద కాటుక గుర్తు దగ్గర రెండు వేళ్ళు పెట్టారు. జరిపి పెట్టారు. కుడి పాదం మీద పెట్టి చూసి, మళ్ళీ ఎడమదానికి వచ్చారు. ఆవిడ ముఖంలో కమిటీ భయం పోయి ఇంకో భయం వచ్చింది. అదే కావలసింది.

"ఏం తగిలింది పాపా నీకు?" అని అడిగారు వంగి.

పిల్ల తాతగారి వంక చూసింది. ఉమామహేశ్వరి అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పెళ్ళై వచ్చిన పద్నాలుగేళ్ళలో మామగారి ఎదుట ఆయన మాటకి అడ్డు చెప్పని మనిషి. ఆ రోజు కూడా ఆయన ముఖం చూసి చెప్పలేదు, గోడ వంక చూస్తూ చెప్పింది.

"తుపాకీ అండి. మావయ్యగారి తుపాకీ."

ఎక్స్‌రేలో పిక్క ఎముకల పక్కన తెల్లటి చుక్కలు వాన చినుకుల్లా కనబడ్డాయి. వాణి గారు పదినిమిషాల్లో కాకినాడ పెద్దాసుపత్రికి ఫోను చేసి, కాగితం రాసి, పోలీసులకి కబురు పంపి, పిల్లని అదే అంబులెన్సు ఎక్కించారు. నొప్పికి మందు, టెటనస్ సూది దారిలో కాదు, బయల్దేరే ముందే పడ్డాయి. ఈసారి నాగదుర్గ ఎక్కలేదు. వరండా తుడవాల్సి ఉంది.

కాకినాడలో సాయంత్రం నాలుగింటికి ఆపరేషను చేశారు. నెత్తురు నరానికి చిల్లి పడింది. లోపల నెత్తురు గడ్డకట్టి పిక్క బిగిసిపోయింది. ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే మోకాలి కింద కాలు ఉండేది కాదని సర్జను గారు చెప్పారు. కొన్ని గుళ్ళు తీశారు, కొన్నిటిని లోపలే వదిలేశారు. లోపల వదిలేస్తే విషం ఎక్కదా అని బంగారయ్య గారు అడిగారట. సర్జను గారు పాదం మీద కాటుక గుర్తు చూసి, ఇది ఎవరు పెట్టారని అడిగారట.

"మా ఫ్యామిలీ డాక్టరు గారండి" అన్నారు బంగారయ్య గారు.

పోలీసులు తుపాకీ పట్టుకెళ్ళారు. ఈసారి ఎన్నికలు లేవు గనక ఎప్పుడు తిరిగొస్తుందో తెలియదు. కేసు నడుస్తోంది. ఊళ్ళో మాత్రం కథ వేరేగా స్థిరపడింది. పెద్దాయన సమయానికి కట్టు కట్టారు, రామ్మూర్తి గారు ధైర్యం చెప్పారు, భగవంతుడు కాపాడాడు. ఈ ముగ్గురికీ ఉగాది నాడు గుడి దగ్గర సన్మానం జరిగింది. భగవంతుడికి దండ వేశారు, మిగతా ఇద్దరికీ శాలువాలు కప్పారు. ఆ శాలువాలు మిగిలిన ముప్పై మూడులోవే.

నాగదుర్గకి ఉద్యోగం పోలేదు. పీకేస్తే వాణి గారు పై అధికారులకి రాస్తానన్నారట. క్యాజువాలిటీ నుంచి మాత్రం మార్చారు. ఆసుపత్రి వెనక చెత్త విడదీసే షెడ్డులో వేశారు. "మంచిదేలే" అంది ఆమె తోటి మనిషితో. "అక్కడ బంగారయ్య గారి పేరు లేదు. తుడిచే పని తప్పింది."

జూన్ నెలలో ఒక మధ్యాహ్నం ఆ షెడ్డు ముందు కారు ఆగింది. బంగారయ్య గారు దిగారు. వెనక ఉమామహేశ్వరి, ఆమె చెయ్యి పట్టుకుని జ్యోతిర్మయి. పిల్ల కొంచెం ఎడమ కాలు ఈడుస్తోంది గాని నడుస్తోంది. షెడ్డు దగ్గర వాసనకి బంగారయ్య గారు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. అది కొత్త కండువా.

"కాకినాడ డాక్టర్లు రోజూ ఇంట్లో నాడి చూసుకోమన్నారమ్మా" అన్నారు. "ఏమాత్రం తగ్గినా వెంటనే తీసుకురమ్మన్నారు. అక్కడ నర్సు చూపించింది గాని, ఇంటికొచ్చేక మాకు దొరకట్లేదు. ఆ గుర్తేమో చెరిగిపోయింది."

"రామ్మూర్తి గారు చూడట్లేదాండీ?"

"ఆయన చేతికి చూసేరు" అంది ఉమామహేశ్వరి. "నాడి బ్రహ్మాండంగా ఉందన్నారు. కాలికి చూడమంటే, రెండూ ఒకటేనన్నారు."

నాగదుర్గ నవ్వలేదు. చేతి తొడుగులు తీసి, సబ్బుతో కడుక్కుని వచ్చింది. పిల్లని అరుగు మీద కూర్చోబెట్టి చెప్పు విప్పించింది. రెండు వేళ్ళు పెట్టింది. లోలోపల లెక్కపెట్టింది.

"ఉందండి. బాగుంది."

ఉమామహేశ్వరి వేళ్ళు అక్కడ పెట్టించింది. రెండోసారికే ఆమెకి దొరికింది. ఆమె చాలాసేపు వేళ్ళు తియ్యలేదు.

"ఏదీ, నేను చూస్తాను" అన్నారు బంగారయ్య గారు. ఇంట్లో ఏదైనా ఆయనకి తెలియకుండా కోడలికి తెలియడం ఆయనకి అలవాటు లేదు. అరుగు పొట్టిది. పాదం అందాలంటే వంగడం చాలలేదు, కింద గొంతుక్కూర్చోవాలి. అటూ ఇటూ చూశారు. చెత్త డబ్బాలు తప్ప ఎవరూ లేరు. పంచె సర్దుకుని, మనవరాలి కాలి దగ్గర కూర్చున్నారు. తన చేతి బొటనవేలు తీసుకెళ్ళి పాదం మీద గట్టిగా అదిమారు.

"ఆఁ! దొరికింది" అన్నారు, ముఖం వెలిగిపోయి. "ఇదుగో, టకటకా కొట్టుకుంటోంది. బ్రహ్మాండంగా ఉంది."

నాగదుర్గ వంగి చూసింది. ఆయన వేలు నాడికి రెండంగుళాలు అవతల, ఎముక మీద ఉంది.

"అది మీదండి" అంది.

"ఏమిటీ?"

"ఆ కొట్టుకునేది మీ బొటనవేల్లో నాడండి. పాపది కాదు. బొటనవేలితో చూస్తే ఎప్పుడూ మీదే తగులుతాది. అది తీసేసి, ఈ రెండు వేళ్ళూ పెట్టండి. అంత నొక్కకండి. ఇటు. ఇంకొంచెం ఇటండి."